చేగుంటలో చుక్కల బొమ్మలు

హైదరాబాదు నుంచి నాగపూరు వెళ్ళే రహదారి మీద మేడ్చలు, తూప్రాను దాటి ఇంకా ఉత్తరానికి పోతే చేగుంట వస్తుంది. హైదరాబాదుకు ఇది 60 కిలోమీటర్ల పైచిలుకు దూరం. శ్రీనగరం నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నెంబరు జాతీయ రహదారి ఇదే. ఇక్కడ పడమరకు తిరిగితే మెదకు దారి. అందుచేత ఈ మలుపు దగ్గర ఆగేవారిలో కొందరు మెదకు కోట చూడబోతారు. కొందరు 1924లో పూర్తయిన పెద్ద చర్చి చూడబోతారు. శివరాత్రి వచ్చిందంటే మంజీర ఏడుపాయలైన చోట జరిగే వనదుర్గ జాతరకు జనం బళ్ళు కట్టుకుని పోయినట్టుగా బస్సుల్లో పోతారు. చేగుంటలో చూడవలసినది ఏమున్నదని ఎవరూ అడగరు.

పగటివేళ అడిగితే చెప్పడం కష్టమే. చీకటి పడ్డాక అడిగితే మాత్రం, ఊరి దీపాలకు కాస్త ఎడంగా నిలబడి తల పైకెత్తమని చెప్పవచ్చు.

చేగుంట రమారమి 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. భూగోళపాఠంలో అక్షాంశాలు మీరు చదివే ఉంటారు. ఆ అంకె ఆకాశంలో కూడా కనిపిస్తుంది. ఉత్తరార్ధగోళంలో ఒక ఊరి అక్షాంశం ఎంతో, ఆ ఊళ్ళో ధ్రువనక్షత్రం నేలగీతకు దాదాపు అంత ఎత్తున నిలుస్తుంది. చెయ్యి బారచాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు కప్పుతుంది. కాబట్టి చేగుంటలో ఉత్తరముఖంగా నిలబడి, పిడికిలి మీద పిడికిలి పెట్టి చూడండి. రెండో పిడికిలి పైఅంచుకు కాస్త కిందుగా ధ్రువుడు ఉంటాడు. రహదారి కూడా రమారమి అటే పోతుంది గనక, రాత్రివేళ నాగపూరు వైపు పోయే లారీవాళ్ళకు ఎదుట దారి చూపే దీపం లాగా ఆ చుక్క కనిపిస్తూనే ఉంటుంది.

వెనక్కు తిరిగి దక్షిణంగా చూస్తే సంగతి వేరు. అటు హైదరాబాదు ఉన్నది. మహానగరపు దీపాల వెలుగు ఆకాశం అంచున పలచగా పరుచుకుని, నేలకు దగ్గరగా ఉన్న చిన్న చుక్కలను మింగేస్తుంది. చేగుంటలో ఆకాశాన్ని బొమ్మ తీయదలచినవాడు ముందు తెలుసుకోవలసిన మాట ఇది: ఉత్తరం మంచిది, దక్షిణం కష్టం.

ఇప్పుడు చుక్కలను బొమ్మ తీయడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఇంట్లో నాన్నగారి చేతిలో ఉండే ఫోనుతోనే ప్రయత్నించవచ్చు. అయితే ప్రయత్నించిన పిల్లల్లో చాలామంది మొదటి రాత్రే మానేస్తారు. కారణం ఏమిటంటే, వాళ్ళ బొమ్మలు నల్లగా వస్తాయి, లేకపోతే అలికినట్టు వస్తాయి. "ఈ ఫోను పనికిరాదు" అని అన్నీ చెరిపేసి నిద్రపోతారు. లెక్క తప్పినప్పుడు పలక తుడిచేసినట్టే ఇది. పలక తుడిచేశాక తప్పు ఎక్కడ జరిగిందో ఉపాధ్యాయుడు కూడా చెప్పలేడు.

చెరిపేయకుండా ఆ బొమ్మలను పగటిపూట తీరికగా పరీక్షించి చూడండి. ఒక్కొక్క తప్పుకు ఒక్కొక్క గుర్తు ఉంటుంది. వైద్యుడు నాడి చూసినట్టు ఆ గుర్తులను బట్టి రోగం పట్టుకోవచ్చు.

చుక్కలన్నీ ఒకే తీరున వంకర టింకరగా, పురుగులు పాకినట్టు ఉన్నాయా? అయితే కెమెరా కదిలింది. చేత్తో పట్టుకుని తీస్తే ఎంత గట్టివాడికైనా చెయ్యి వణుకుతుంది. ముక్కాలి స్టాండు లేకపోతే ఇటుకల మధ్య నిలబెట్టినా చాలు. మీట నొక్కినప్పుడు కూడా ఫోను కదులుతుంది కాబట్టి, నొక్కిన కొన్ని సెకన్ల తరువాత తనంతట తానే బొమ్మ తీసే ఏర్పాటు వాడాలి. రహదారికి మరీ దగ్గరగా ఉన్న గోడ మీద పెడితే లారీ పోయినప్పుడల్లా గోడ అదురుతుంది.

చుక్కలన్నీ సన్నని, నున్నని గీతలుగా ఉన్నాయా? అప్పుడు కెమెరా కదలలేదు, భూమి కదిలింది! భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు, 4 నిమిషాలకు 1 డిగ్రీ. పున్నమి చంద్రుడి వెడల్పు అరడిగ్రీ మాత్రమే. కాబట్టి రెండే నిమిషాల్లో చుక్కలు చంద్రుడి వెడల్పంత దూరం జరిగిపోతాయి. మామూలు ఫోనుకు 10, 15 సెకన్లు మించి కన్ను తెరిచి ఉంచితే గీతలు పడడం మొదలవుతుంది. ఇది తప్పే. అయినా ఈ తప్పులో ఒక పాఠం దాగి ఉన్నది. ఫోనును కదపకుండా, ధ్రువుడి వైపు తిప్పి పెట్టి, సరిగ్గా అరగంట తేడాతో రెండు బొమ్మలు తీయండి. ధ్రువుణ్ణి కేంద్రంగా పెట్టుకుని, ఒక చుక్క ఎంత తిరిగిందో కోణమానినితో కొలవండి. ఏడున్నర డిగ్రీల దగ్గర వస్తుంది. భూభ్రమణాన్ని మీరే కొలిచారన్న మాట.

చుక్కలు గీతలుగా కాక ఉబ్బిన బొట్లలాగా ఉంటే ఫోకసు కుదరలేదు. చీకట్లో కెమెరాకు దేని మీద చూపు నిలపాలో తోచదు. అందుచేత దూరపు దీపం మీద ఫోకసు కుదిర్చి, అది మళ్ళీ మారకుండా బిగించాలి. కుదిరిందో లేదో తేల్చడానికి మన పెద్దలు వాడిన పరీక్ష ఒకటి ఉన్నది. పెళ్ళిలో వధూవరులకు అరుంధతిని చూపిస్తారు గదా! సప్తర్షుల్లో వసిష్ఠుడి పక్కనే ఆ చిన్న చుక్క ఉంటుంది. చైత్ర వైశాఖాల్లో తొలిజాములో సప్తర్షులు ఉత్తరాన బాగా పైకి వచ్చి ఉంటారు. అప్పుడు తీసిన బొమ్మను పెద్దది చేసి చూడండి. వసిష్ఠుడూ అరుంధతీ విడివిడిగా కనిపిస్తే ఫోకసు సరిగ్గా ఉన్నట్టు. ఇద్దరూ కలిసి ఒకే ముద్ద అయితే మళ్ళీ ప్రయత్నించాలి.

బొమ్మ అంతా పాలిపోయి ఉంటే చంద్రుడో, వీధిదీపమో కారణం. మొదట్లో బాగా ఉండి, పోనుపోను మసక కమ్మితే అద్దం మీద మంచు పట్టింది. ధనుర్మాసంలో తెల్లవారుజామున చేగుంట పొలాల్లో గడ్డి తడిసినట్టే కెమెరా అద్దం కూడా తడుస్తుంది.

ఇవన్నీ కంటికి తెలిసే తప్పులు. తప్పులాగా కనపడని తప్పు ఇంకొకటి ఉన్నది. అన్నిటికన్నా ప్రమాదమైనది అదే. బొమ్మలో ఒక చక్కని చుక్క ఉంటుంది. కాని ఆకాశంలో అక్కడ చుక్క లేదు! చీకట్లో ఎక్కువసేపు పనిచేసినప్పుడు కెమెరాలోని కొన్ని బిందువులు వెలుగు పడకపోయినా వెలుగు పడినట్టు చూపిస్తాయి. వాటిని చూసి కొత్త నక్షత్రం దొరికిందని ఎగిరి గంతేసేవాళ్ళున్నారు.

అబద్ధపు చుక్కను పట్టుకోవడం ఎలాగ? ఈ ప్రశ్న కొత్తది కాదు. చేగుంట నుంచి ఇదే రహదారిన దక్షిణానికి పోతే హైదరాబాదులో బేగంపేట ఉన్నది. నూరేళ్ళకు ముందు అక్కడ ఇదే ప్రశ్నతో కుస్తీపట్టిన శాస్త్రజ్ఞులున్నారు.

నవాబు జఫర్ జంగు అనే ఆయన 1901లో హైదరాబాదులో నిజామియా వేధశాలను స్థాపించాడు. ఆయన పోయిన తరువాత 1908లో అది నిజాం ప్రభుత్వం కిందికి వచ్చింది, బేగంపేటకు మారింది. చాట్‌వుడ్ అనే ఆయన దానికి మొదటి డైరెక్టరు. ఆ రోజుల్లో ప్రపంచమంతా కలిసి ఒక మహాకార్యం తలపెట్టింది. 1887లో పారిస్ నగరంలో శాస్త్రజ్ఞులు సభ చేసి, ఆకాశం మొత్తాన్ని ముక్కలు ముక్కలుగా గాజుపలకల మీద బొమ్మ తీయాలని నిశ్చయించారు. సుమారు 20 వేధశాలలు ఆకాశాన్ని పంచుకున్నాయి. దక్షిణ అమెరికాలో చిలీ దేశపు శాంటియాగో వేధశాల తన వంతు పూర్తిచేయలేకపోయింది. ఆ వంతును, అంటే దక్షిణాకాశంలో 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీని, మన హైదరాబాదు ఎత్తుకున్నది. తరువాత జర్మనీలోని పోట్స్‌డాం వంతులో మిగిలిన భాగం కూడా తీసుకున్నది. చాట్‌వుడ్ తరువాత పోకాక్, ఆ తరువాత 1918 నుంచి 1944 దాకా భాస్కరన్, అటు తరువాత అక్బర్ అలీ ఈ పని నడిపించారు. 12 సంపుటాలు వెలువడినాయి.

పిల్లలూ, ఆ శాస్త్రజ్ఞులు తమ పనిలో తప్పులు జరగవని అనుకోలేదు. జరుగుతాయి, జరిగినప్పుడు తెలియాలి అనుకున్నారు. గాజుపలక మీద మందు పూతలో దుమ్ముకణం పడినా, చిన్న బుడగ వచ్చినా చుక్కలాగే కనిపిస్తుంది. అందుకని పెద్ద ఆకాశపటం కోసం ఒక్కొక్క పలక మీద ఒకే ఆకాశాన్ని మూడుసార్లు తీయాలని ఏర్పాటు చేశారు. ప్రతిసారీ దూరదర్శినిని రవ్వంత జరిపేవారు. అప్పుడు నిజమైన ప్రతి చుక్కా బుల్లి ముక్కోణంగా మూడు బిందువులై పడుతుంది. దుమ్ము ఒంటిగానే ఉంటుంది. కాబట్టి మూడు ఉంటే చుక్క, ఒకటే ఉంటే దుమ్ము!

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. పలకను కడిగి ఆరబెట్టేటప్పుడు పూత కొంచెం సాగవచ్చు, కొంచెం ముడుచుకోవచ్చు. అప్పుడు చుక్కల కొలతలు తప్పుతాయి. దీనికి విరుగుడుగా ప్రతి పలక మీద ముందే 5 మిల్లీమీటర్ల ఎడంతో సన్నని గళ్ళు ముద్రించేవారు. పూత సాగితే గళ్ళూ సాగుతాయి. గడి ఎంత సాగిందో కొలిచి, చుక్క కొలతను అంత సవరించేవారు. చుక్కల పట్టిక కోసం తీసే పలకలను ఒకదాని మూల ఇంకొకదాని నడుమకు వచ్చేట్టు అమర్చారు. ఆ విధంగా ప్రతి చుక్కా రెండు పలకల మీద దొరికేది. రెండు కొలతలూ కలవకపోతే ఎక్కడో పొరపాటు ఉన్నదన్న మాట.

మన ఫోనుకు కూడా ఇదే ఉపాయం పనికివస్తుంది. ఆకాశాన్ని తీసిన తరువాత కెమెరా కంటిని నల్లగుడ్డతో పూర్తిగా కప్పి, అంతసేపే ఇంకొక బొమ్మ తీయండి. ఆ చీకటిబొమ్మలో కూడా చుక్క కనిపిస్తే అది ఆకాశానిది కాదు, కెమెరాది. కెమెరాను కొంచెం పక్కకు తిప్పి మళ్ళీ తీసినా తెలుస్తుంది. నిజమైన చుక్క తోటి చుక్కలతో పాటు జరుగుతుంది. దొంగచుక్క మాత్రం బొమ్మలో ఉన్న చోటనే ఉంటుంది.

ఒక్క బొమ్మ కన్నా వరుస బొమ్మలు ఎక్కువ నిజం చెబుతాయి. ఈ సంగతి గ్రహించిన ఒక మహానుభావుడు మన తెలుగుదేశానికి వచ్చాడు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుంటూరులో మకాంవేసి సూర్యుణ్ణి పరీక్షించాడు. తరువాత 1874 డిసెంబరులో శుక్రగ్రహం సూర్యబింబానికి అడ్డంగా నడిచింది. అంతకు ముందు 1761లోనూ 1769లోనూ ఇలాగే జరిగినప్పుడు, శుక్రుడు సూర్యుడి అంచును దాటిన క్షణం ఏదో పక్కపక్కన నిలబడి చూసినవాళ్ళు కూడా వేరువేరుగా చెప్పారు. అంచు దగ్గర శుక్రుడు సిరాచుక్క సాగినట్టు అంటుకుని కనిపించడమే దీనికి కారణం. ఒక్కడి కన్నును నమ్మి లాభంలేదని తేలింది గనక, జాన్సెన్ తిరిగే పలక ఉన్న ఒక యంత్రాన్ని తయారుచేశాడు. అది 72 సెకన్లలో 48 బొమ్మలు తీసేది. దానితో ఆయన జపానుకు వెళ్ళి పనిచేశాడు. సినిమా పుట్టడానికి ఇంకా ఇరవై ఏళ్ళున్నాయి! (మీరు మాత్రం సూర్యుడి వైపు కన్నుగాని, కెమెరాగాని ఎప్పుడూ తిప్పకూడదు.)

మీరు కూడా ఫోనుతో ఆకాశాన్ని చిన్న సినిమాగా తీయవచ్చు. 15 సెకన్లకు ఒకటి చొప్పున 300 బొమ్మలు తీస్తే 75 నిమిషాలు పడుతుంది. వాటిని సెకనుకు 25 చొప్పున నడిపిస్తే 12 సెకన్ల సినిమా అవుతుంది. ఆ 12 సెకన్లలో చుక్కలు దాదాపు రెండు పిడికిళ్ళ దూరం నడిచిపోతాయి. వెలుతురు కొలతను కెమెరా ఇష్టానికి వదిలితే ఒక బొమ్మ నల్లగా, ఒకటి తెల్లగా వచ్చి సినిమా మిణుకుమిణుకుమంటుంది. కాబట్టి మొదటి బొమ్మకు పెట్టిన కొలతనే చివరి దాకా ఉంచాలి. ఫోనులో 300 బొమ్మలకు చోటు ఉన్నదా, బ్యాటరీ 75 నిమిషాలు నిలుస్తుందా అని ముందే చూసుకోవాలి.

ఒక అక్కా తమ్ముడూ డిసెంబరు 14 రాత్రి చేగుంటలో మేడమీద ఇలా బొమ్మలు తీశారనుకోండి. ఆ రోజుల్లో ఏటా మిథునరాశి వైపు నుంచి ఉల్కలు రాలుతాయి. మర్నాడు చూస్తే ఒక బొమ్మలో పొడుగాటి తెల్లగీత ఉన్నది.

"అక్కా, చుక్క రాలింది! బళ్ళో అందరికీ చూపిస్తాను," అంటాడు తమ్ముడు.

"ఉండరా, దీని ముందు బొమ్మా తరువాతి బొమ్మా కూడా చూద్దాం," అంటుంది అక్క.

చూస్తే ముందు బొమ్మలోనూ గీత ఉన్నది, తరువాత దానిలోనూ ఉన్నది, గీతకు గీత కొనసాగింపుగా. ఉల్క రెప్పపాటులో మండిపోతుంది. కాబట్టి దాదాపు ఎప్పుడూ ఒక్క బొమ్మలోనే పడుతుంది. ఇలా వరుసగా మూడు బొమ్మల్లో నడిచినది విమానమో, మనిషి వదిలిన ఉపగ్రహమో అయి ఉంటుంది. తమ్ముడికి కాస్త మొహం చిన్నబోతుంది. అయితే బళ్ళో అబద్ధం చెప్పే గండం తప్పింది. తక్కిన 297 బొమ్మల్లో ఒంటిగీత దొరికితే, అప్పుడు ధైర్యంగా చూపించవచ్చు.

ఇలాంటి అలవాటు ఎంత దూరం తీసుకుపోగలదో వినండి. నిజామియా వేధశాలలో బాప్పు అనే శాస్త్రజ్ఞుడు పనిచేసేవాడు. ఆయన కొడుకు వేణు బాప్పు 1927లో పుట్టాడు. హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థి వేతనంతో అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. అక్కడ 1949లో ఆకాశాన్ని తీసిన ఒక పలక మీద కొత్త తోకచుక్క దొరికింది. దానికి బాప్పు–బాక్–న్యూకర్క్ తోకచుక్క అని పేరు పెట్టారు. పలక మీద తోకచుక్క అంటే ఒక మసక మరక మాత్రమే. మరక అని పారేస్తే తోకచుక్క పోతుంది. ప్రతి మరకనూ తోకచుక్క అంటే నవ్వులపాలవుతారు. పరీక్షించి తేల్చేవాడికే అది దక్కుతుంది. వేణు బాప్పు తిరిగివచ్చి మనదేశంలో ఖగోళశాస్త్రానికి పెద్దదిక్కు అయినాడు. తమిళనాడులో కావలూరు వేధశాలకు 1986లో ఆయన పేరే పెట్టారు.

బేగంపేట గాజుపలకల మాట ఏమయిందని మీరు అడగవచ్చు. పారిస్‌లో తలపెట్టిన పని కొన్నేళ్ళలో అయిపోతుందనుకున్నారు. 1960ల దాకా సాగింది. ఆ పెద్ద ఆకాశపటం పూర్తి కానేలేదు. ఇంత శ్రమా వృథా అయిందని చాలామంది అన్నారు. కాని యూరపు దేశాలవారు పంపిన హిప్పార్కస్ ఉపగ్రహం 1989 నుంచి 1993 దాకా చుక్కల స్థానాలను కొలిచింది. ఒక చుక్క ఎటు కదులుతున్నదో తెలియాలంటే ఇప్పటి స్థానం ఒక్కటే చాలదు, పాత స్థానం కూడా కావాలి. అప్పుడు నూరేళ్ళనాటి ఆ పట్టికలు బయటికి వచ్చాయి. వాటిలోని పొరపాట్లను లెక్కకట్టి సవరించి, 2000 సంవత్సరంలో 25 లక్షల చుక్కల కొత్త పట్టిక తయారుచేశారు. ఏ పలక ఏ రాత్రి తీశారో, గళ్ళ కొలత ఎంతో ఆనాటివాళ్ళు రాసిపెట్టారు కాబట్టే ఈ సవరణ సాధ్యమైంది.

కనక మీరు కూడా ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, వేళ, ఏ దిక్కు, ఎన్ని సెకన్లు, చంద్రుడున్నాడా, బొమ్మలో ఏం తప్పు వచ్చింది, దానికి కారణం ఏమై ఉండవచ్చు అని రాయండి. మరునాటి రాత్రి ఒకే ఒక సంగతి మార్చి చూడండి. నాలుగు సంగతులు ఒకేసారి మారిస్తే ఏ మందుకు రోగం కుదిరిందో తెలియదు.

మొదటి ప్రయత్నానికి మంచి రాత్రి కావాలంటే శివరాత్రి ఉన్నది. అది బహుళ చతుర్దశి గనక తెల్లవారుజాము దాకా చంద్రుడు రాడు. ఎలాగూ జాగారమే! తొలిజాములో ఉత్తరాన ధ్రువుణ్ణి తీయండి. పడమటి వైపు పిల్లలకోడి, అంటే కృత్తికలు ఉంటాయి. ఈశాన్యాన సప్తర్షులు లేస్తూ ఉంటారు. రహదారి పక్కకు మాత్రం పోకండి. ఇంటి మేడ మీదనో, పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని పొలంలోనో నిలబడండి. పొలంలో పాములూ తేళ్ళూ ఉంటాయి, చెప్పులు వేసుకోండి. చేతిదీపానికి ఎర్రకాగితం చుట్టండి. అప్పుడు మీ కళ్ళకూ కెమెరాకూ చీకటి చెడదు.

తెల్లవారిన తరువాత నోటుపుస్తకం తెరిచి, వచ్చిన బొమ్మలన్నీ ఒక్కొక్కటే చూడండి. బాగా వచ్చినవాటిని అమ్మకు చూపించండి. బాగా రానివాటిని కూడా దాచి, నంబర్లు వేసి, వాటి పక్కన కారణాలు రాయండి.